కొలిచేది ఒకటి, హామీ ఇచ్చేది ఇంకొకటి: టెస్ట్ లిమిట్ ఎక్కడ పెట్టాలి?

ఈసారి నాణ్యత శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది దాదాపు ఒకటే చిక్కు. ఒకదానితో ఒకటి ముడిపడిన కొలతలు చేతిలో ఉన్నాయి, వాటిని చూసి సరుకును పంపాలా ఆపాలా అన్నది తేలడం లేదు. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. మిగతా మూడూ దాని మీదే ఆధారపడ్డాయి కాబట్టి వరసగా చదివితే మేలు.

ప్రశ్న (ముత్తుకూరు దగ్గరి ఫ్లైయాష్ ఇటుకల యూనిట్ నుంచి): నేలటూరు థర్మల్ కేంద్రం బూడిదతో ఇటుకలు చేస్తున్నాం. ఒక బిల్డరు ప్రతి ఇటుక బలమూ చదరపు మిల్లీమీటరుకు 7.5 న్యూటన్లకు తగ్గకూడదంటున్నారు. విరగ్గొట్టి చూసిన ఇటుకను మళ్లీ అమ్మలేం గదా. అందుకని అల్ట్రాసోనిక్ మెషీను తెచ్చి, 60 ఇటుకలకు ముందు వాటి గుండా ధ్వని వెళ్లే వేగం కొలిచి, తర్వాత ప్రెస్‌లో పెట్టి బలం చూశాం. బలం సగటు 9.0, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) 1.2. వేగం సగటు సెకనుకు 2.60 కి.మీ., ఎస్‌డీ 0.15. రెంటి మధ్య కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి మారతాయో చెప్పే అంకె, పూర్తిగా కలిసి మారితే 1) 0.8. గ్రాఫ్‌లో గీత గీస్తే బలం 7.5 దగ్గర వేగం 2.37 వచ్చింది. 2.37 దాటినవన్నీ పంపాం. సైట్లో 30 ఇటుకలు టెస్ట్ చేస్తే 2 ఫెయిలయ్యాయి. మెషీను తేడానా? ఇంకా ఎన్ని ఇటుకలు విరగ్గొట్టి చూడాలి?

జవాబు: మెషీను బాగానే ఉంది. మీ అంకెల ప్రకారం 30లో 2 ఫెయిలవ్వాల్సిందే, అయ్యాయి.

మీరు గీసిన గీత ఒక్కో వేగం దగ్గర ఇటుకల సగటు బలం ఎంతో చెబుతుంది, అంతే. 2.37 దగ్గర సగటు 7.5 అంటే, సరిగ్గా 2.37 చూపించిన ఇటుకల్లో సగం 7.5 కిందే ఉన్నట్టు. వాటన్నిటినీ మీరు లారీ ఎక్కించారు.

లెక్క ఇలా నడుస్తుంది. గీత వాలు 0.8 × 1.2 ÷ 0.15, అంటే 6.4. వేగం 0.1 పెరిగితే బలం సగటున 0.64 పెరుగుతుంది. గీతకు అటూ ఇటూ మిగిలే చెదురు 1.2 × √(1 − 0.8²), అంటే 0.72. ఈ 0.72 దగ్గర కాస్త ఆగండి. కోరిలేషన్ 0.8 అనగానే ఎనభై పాళ్లు తెలిసిపోయిందనుకుంటారు చాలామంది. వేగం తెలియక ముందు బలం చెదురు 1.2, తెలిశాక 0.72. తగ్గింది నలభై పాళ్లే. ఇదే కోరిలేషన్ 0.6 అయితే తగ్గేది ఇరవై పాళ్లు. టెస్ట్ లిమిట్ ఎంత కఠినంగా ఉండాలో నిర్ణయించేది ఈ మిగిలిన చెదురే.

ఏ టెస్టూ లేకుండా పంపితే 7.5 అన్నది మీ సగటుకు 1.25 ఎస్‌డీల కింద ఉంది కాబట్టి 10.6 శాతం ఇటుకలు దానికి తక్కువ. ఇక వేగం మీద లిమిట్ పెడితే, బలమూ వేగమూ రెండూ నార్మల్ పంపిణీలో ఉన్నాయనుకుంటే ఇలా వస్తుంది. 2.37 దగ్గర పెడితే 6 శాతం ఇటుకలు ఆగుతాయి, దాటి వెళ్లిన వాటిలో 6.9 శాతం బలహీనం. 2.50 దగ్గర పెడితే 25 శాతం ఆగుతాయి, దాటి వెళ్లిన వాటిలో బలహీనమైనవి 2 శాతం. 2.55 దగ్గర పెడితే 37 శాతం ఆగుతాయి, దాటి వెళ్లిన వాటిలో 1 శాతం. ఈ మూడోదాన్ని చేత్తోనే తేల్చవచ్చు. 7.5కి 1.645 × 0.72 కలిపితే (నార్మల్ పంపిణీలో నూటికి 95 ఒక పక్కన ఉండాలంటే వాడే గుణకం 1.645) 8.68, గీత మీద 8.68కి ఎదురుగా ఉన్న వేగం 2.55. ఆ లిమిట్ దగ్గర సరిగ్గా నిలిచిన ఇటుక కూడా 95 పాళ్లు మంచిదే అవుతుంది. లిమిట్‌కు పైనున్నవి ఇంకా మెరుగు కాబట్టి మొత్తం లోడులో బలహీనాలు 5 శాతం కాదు, 1 శాతమే. ఈ రెండు శాతాలనూ కలిపేసుకుని ఊరికే సరుకు ఆపేస్తుంటారు. బిల్డరుకు మీరిచ్చే మాట ఒక్కో ఇటుక గురించా, లోడు మొత్తం గురించా అన్నది ముందు తేల్చుకోండి.

మధ్యలో వచ్చే లిమిట్లకు చేతి లెక్క కుదరదు. ఎక్సెల్‌లో 10,000 వరసలు తీసుకోండి. మొదటి నిలువు వరసలో నార్మల్ రాండమ్ అంకె, అదే వేగం. రెండో దాంట్లో దాన్ని 0.8తో గుణించి, మరో తాజా రాండమ్ అంకెను 0.6తో గుణించి కలపండి, అదే బలం. (0.6 ఎక్కడిదంటే √(1 − 0.8²).) ఈ అంకెలు సగటు నుంచి ఎన్ని ఎస్‌డీల దూరమో చెబుతాయి. ఇక లిమిట్ మారుస్తూ, దాటినవెన్ని, దాటిన వాటిలో బలం మైనస్ 1.25 కంటే తక్కువున్నవెన్ని అని లెక్కపెట్టడమే. గీతకు, చెదురుకు స్లోప్, ఇంటర్‌సెప్ట్, స్టెయెక్స్ (SLOPE, INTERCEPT, STEYX) ఫంక్షన్లు చాలు. ఒక్క జాగ్రత్త: నిలువు అక్షం మీద బలమే ఉండాలి. వేగాన్ని నిలువుగా పెట్టి గీత గీసి, దాన్ని తిరగేసి చదివితే వాలు 6.4 బదులు 10 వస్తుంది, లిమిట్ మారిపోతుంది.

2.50 దగ్గర లెక్క చూడండి. వందలో 25 ఇటుకలు ఆగుతాయి, వాటిలో నిజంగా బలహీనమైనవి 9. మిగతా 16 మంచివి, అయినా పక్కకు పోతాయి. ఈ 16 ఇటుకల ధర మీ లెక్కలో ఎక్కడా లేదు. ఆగినవి పారేయక్కర్లేదు, తక్కువ క్లాసు కింద ప్రహరీ గోడలకు పోతాయనుకున్నా తేడా మీ నెత్తినే. మరో దారి: మిశ్రమం సరిచేసి సగటును 9.0 నుంచి 10.0కి తీసుకెళ్తే, ఏ టెస్టూ లేకుండానే బలహీనాలు 1.9 శాతానికి దిగుతాయి. నాలుగో వంతు సరుకు ఆపి సాధించినదే ఇదీ. బ్యాచ్‌కు కాస్త సిమెంటు పెంచడమో, నీళ్లు తడిపే రోజులు పెంచడమో చవకా, రోజూ ప్రతి ఇటుకకూ మెషీను పెట్టడం చవకా? నన్నడిగితే ముందు సగటు పెంచుతాను. వేగం టెస్టును చెడ్డ బ్యాచ్ పట్టుకోవడానికి ఉంచుకుంటాను.

అంతకన్నా ముందు ఒప్పందం చదవండి. ఫ్లైయాష్ ఇటుకల భారత ప్రమాణంలో క్లాసు అంకె సగటుకు వర్తిస్తుంది. ఒక్కో ఇటుక దానికి 20 శాతం దాకా తగ్గవచ్చు. 7.5 క్లాసుకు అది 6.0. మీ సగటు 9.0, ఎస్‌డీ 1.2 అయితే 6.0 కంటే తగ్గేవి 0.6 శాతమే. బిల్డరు మనసులో ఉన్నది క్లాసే అయితే మీకు అసలు సమస్యే లేదు.

ఇక కొలత సంగతి. ప్రమాణం అడిగేది తడి బలం, అంటే ఇటుక 24 గంటలు నీళ్లలో నానాక. యార్డులో మీరు వేగం కొలిచేది ఆరిన ఇటుకకు. కాబట్టి విరగ్గొట్టే ఇటుకలకు కూడా ముందు ఆరిన స్థితిలో వేగం, ఆ తర్వాత నానబెట్టి బలం. ఈ వరస మారకూడదు. రంధ్రాల్లో నీళ్లుంటే ధ్వని వేగం పెరుగుతుంది, బలం మాత్రం తగ్గుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు వానల్లో తడిసిన ఇటుక ఎండాకాలపు లిమిట్‌ను దర్జాగా దాటుతుంది. తడి ఇటుకను ఆరబెట్టకుండా టెస్ట్ చేయకండి.

ఇటుక పొడవు 230 మి.మీ. వైపే కొలవండి. 2.50 వేగం అంటే 92 మైక్రోసెకన్లు. ఒక్క మైక్రోసెకను తేడా వేగంలో 0.027. మీ రెండు లిమిట్ల మధ్య తేడానే 0.05 అయినప్పుడు ఇది చిన్నది కాదు. రెండు చివర్లా గ్రీజు సమంగా పూయాలి, పొద్దున మొదలుపెట్టే ముందు రిఫరెన్స్ కడ్డీతో జీరో సరిచూడాలి. ఇంకో మెలిక: ల్యాబ్‌లో ఒక్కో ఇటుకకు మూడుసార్లు కొలిచి సగటు తీసుకుని 0.8 తెచ్చారా? యార్డులో ఒకేసారి కొలుస్తారా? అలాగైతే యార్డులో మీ కోరిలేషన్ 0.8 కాదు, అంతకంటే తక్కువ. అమల్లో ఎలా కొలుస్తారో ల్యాబ్‌లోనూ అలాగే కొలవాలి.

ఎన్ని విరగ్గొట్టాలన్నారు. 30 ఇటుకలతో 0.8 వస్తే అసలు విలువ 0.62 నుంచి 0.90 దాకా ఎక్కడైనా ఉండవచ్చు (95 శాతం నమ్మకంతో). 60తో 0.69 నుంచి 0.88. 100తో 0.72 నుంచి 0.86. ఒకవేళ అసలుది 0.62 అయితే 2.50 దగ్గర దాటి వెళ్లే బలహీనాలు 2 శాతం కాదు, 4.4. నా సలహా 100 దాకా వెళ్లండి, లేదా కింది హద్దు అయిన 0.69తోనే లిమిట్ పెట్టండి. సంఖ్య కన్నా ఎంపిక ముఖ్యం. 14 రోజుల ఇటుకలూ 28 రోజుల ఇటుకలూ కలిపితే కోరిలేషన్ ఇట్టే 0.9 అవుతుంది, కానీ అది వయసుల మధ్య తేడా చెబుతోంది. 28 రోజుల ఇటుకల్లో మంచీ చెడూ వేరుచేసే శక్తి అందులో 0.5 కూడా ఉండకపోవచ్చు. అలాగే బాగా గట్టివీ బాగా మెత్తవీ ఏరి విరగ్గొడితే అంకె ఉబ్బుతుంది. లిమిట్ దాటిన వాటినే విరగ్గొడితే కుంగుతుంది. పంపబోయే సరుకులోంచి, ఏరకుండా తీయాలి.

లిమిట్ పెట్టాక వారానికి 10 ఇటుకలు, ఆగిన వాటిలోంచి కూడా కొన్ని, విరగ్గొట్టండి. గీత చెప్పిన బలానికీ వచ్చిన బలానికీ ఉన్న తేడాల సగటు 0.46 దాటితే (0.72 ÷ √10కి రెట్టింపు) బూడిద మారిందో, ఇసుక మారిందో. పాత గీత పనికిరాదు, కొత్తది గీయాలి.

ప్రశ్న (ఒంగోలు, ఇంజినీరింగ్ విద్యార్థిని): ఇలాంటి పరీక్షలో వేగంతో పాటు ఇటుక బరువు కూడా తీసుకుంటే అంచనా బాగుపడుతుంది కదా? రెండు కొలతలు ఒకదానికన్నా మేలే కదండీ?

జవాబు: మేలో కాదో రెండో కొలత మొదటిదానితో ఎంత ముడిపడి ఉందో చెబుతుంది. బలంతో వేగం కోరిలేషన్ 0.8, బరువు కోరిలేషన్ 0.6 అనుకుందాం. వేగానికీ బరువుకూ మధ్య 0.7 ఉంటే (దట్టమైన ఇటుకలో రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి ఇది వింతేం కాదు), రెంటినీ కలిపిన బహుళ కోరిలేషన్ 0.802. బరువు తూచినందుకు దక్కింది 0.002. అదే వాటి మధ్య 0.2 మాత్రమే ఉంటే 0.917 అవుతుంది, చెదురు 0.72 నుంచి 0.48కి పడిపోతుంది. కాబట్టి రెండో కొలతను ఎంచుకునేటప్పుడు బలంతో దాని సంబంధం ఒక్కటే చూడకండి, మొదటి కొలత చెప్పనిది అది చెబుతోందా అని చూడండి.

మీ ప్రాజెక్టులో రిగ్రెషన్ (కొలతల నుంచి బలాన్ని అంచనా వేసే గీత లెక్క) చేస్తే బరువు గుణకం 0.7 సందర్భంలో దాదాపు సున్నా దగ్గర తిరుగుతుంది, శాంపిల్ మారితే ప్లస్, మైనస్ గుర్తు కూడా మారుతుంది. దాన్ని చూసి బరువుకు బలంతో సంబంధమే లేదని రాయకండి.

ప్రశ్న (చీమకుర్తి, గ్రానైట్ టైల్స్ యూనిట్): 305 × 305 × 10 మి.మీ. టైల్స్ చేస్తాం. మందం ప్లస్ ఆర్ మైనస్ 0.5. ఎడమ అంచున, కుడి అంచున కొలుస్తాం. రెండూ లిమిట్‌లోనే ఉన్నా పరిచాక అంచులు లేస్తున్నాయని కొనేవాళ్లు తిప్పి పంపుతున్నారు. టీ-స్క్వేర్ చార్టు (కొన్ని కొలతలను కలిపి ఒకే అంకెగా చూసేది) పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అవసరమా?

జవాబు: ఎడమ మందం ఎక్కువైతే కుడి మందమూ సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ఈ రెంటి మధ్య కోరిలేషన్ 0.8, ఒక్కోదాని ఎస్‌డీ 0.2 అనుకోండి. రెండు టైల్స్ చూద్దాం. ఒకటి 10.4, 10.4. ఇంకొకటి 10.4, 9.6. విడివిడిగా చూస్తే నాలుగు కొలతలూ సగటుకు రెండేసి ఎస్‌డీల దూరంలోనే ఉన్నాయి, అన్నీ లిమిట్‌లో ఉన్నాయి. టీ-స్క్వేర్ లెక్క వేస్తే మొదటి టైల్‌కు 4.4, రెండోదానికి 40. రెండు కొలతలకు 99.73 శాతం హద్దు 11.8. రెండో టైల్ మీ మెషీను మామూలుగా చేసేది కాదు, ఏదో జరిగింది. పరిచినప్పుడు అంచు లేచేదీ అదే. కొలతల మధ్య సంబంధాన్ని లెక్కలోకి తీసుకున్న ఈ దూరం గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో ఇచ్చిన కొలమానమే. సరుకు నాణ్యతకు దాన్ని వాడిన తొలి ప్రసిద్ధ రచన మరో గణాంక శాస్త్రవేత్త హోటెలింగ్‌ది, 1947లో, బాంబ్‌సైట్ల (విమానం నుంచి బాంబు గురిచూసే పరికరాల) మీద.

అయినా మీ షెడ్డులో టీ-స్క్వేర్ వద్దనే అంటాను. 40 వచ్చిందని ఆపరేటరుకు చెబితే అతను ఏ బోల్టు తిప్పాలి? రెండు కొలతలే ఉన్నప్పుడు వాటి సగటును ఒక చార్టులో, తేడాను ఇంకో చార్టులో వేయండి. ఎస్‌డీలు సమానంగా ఉంటే ఈ రెంటి మధ్య కోరిలేషన్ ఉండదు, టీ-స్క్వేర్ చెప్పేదంతా ఇందులోనే ఉంటుంది. తేడా ఎస్‌డీ 0.2 × √(2 × 0.2), అంటే 0.126. మూడింతలు 0.38. తేడా 0.38 దాటగానే ఆపి క్యాలిబ్రేటింగ్ హెడ్ (టైల్‌ను సమ మందానికి అరగదీసేది) ఒక పక్కకు వాలిందేమో, బెల్టు ఒక అంచున అరిగిందేమో చూడాలి. సగటు జారితే హెడ్ ఎత్తు సరిచేయాలి. ఏ చార్టు ఎటు చూపిస్తుందో పనివాడికి తెలుస్తుంది.

నాలుగు మూలలూ కొలవడం మొదలుపెడితే అప్పుడు టీ-స్క్వేర్ గురించి ఆలోచించండి. దానికి 4 వేరియన్సులు (ఎస్‌డీల వర్గాలు), 6 కోవేరియన్సులు (రెండేసి మూలలు కలిసి మారే తీరు) కావాలి. 30 టైల్స్‌తో అవి నిలకడగా రావు, కనీసం 100 కావాలి. మూలల మధ్య కోరిలేషన్ 0.98 లాంటిది ఉంటే చార్టు వెర్నియర్ రౌండింగ్‌కే అలారం కొడుతుంది. 0.01 మి.మీ. చూపే డయల్ గేజ్ ఉంటేనే ఆ పనికి దిగండి. కొనేవాళ్లతో ఒప్పందంలో మందంతో పాటు అంచుల తేడాకు కూడా వేరే లిమిట్ రాయించుకోండి. టీ-స్క్వేర్ మీ ప్రాసెస్ మారిందా లేదా అని చెబుతుంది, టైల్ కొనేవాడికి సరిపోతుందా లేదా అన్నది దాని పని కాదు.

ప్రశ్న (కోవూరు, రైస్ మిల్లు): ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. చేతి మీటరుతో 17 లోపు ఉన్నవే తీసుకుంటున్నాం. అయినా ఓవెన్‌లో పెట్టి చూస్తే కొన్ని 17 దాటుతున్నాయి. ప్రతి నమూనాకూ మూడుసార్లు మీటరు పెడితే సరిపోతుందా? 40 నమూనాలు పోల్చాం. మీటరు సగటున 0.3 తక్కువ చూపిస్తోంది, ఆ 0.3 తీసేశాక మిగిలిన తేడాల ఎస్‌డీ 0.45.

జవాబు: ముందు 0.3 తీసేయండి, 16.7. ఆ తర్వాత 1.645 × 0.45, అంటే 0.74. మీటరు మీద 16.0 లోపు ఉంటే తీసుకోండి. 16.0 నుంచి 17.4 దాకా వచ్చినవి ఓవెన్‌కు. ఆపైన ఉన్నవి మళ్లీ ఆరబెట్టమనండి.

మూడుసార్లు పెడితే ఎంత లాభమో అదే నమూనాను మళ్లీ మళ్లీ కొలిచి చూస్తే తెలుస్తుంది. అలా కొలిచినప్పుడు చెదురు 0.30 ఉందనుకుందాం. అప్పుడు 0.45లో మిగతాది √(0.45² − 0.30²), అంటే 0.34. అది ఆ ధాన్యం రకానిది, గింజ వేడిది, ఆరిన తీరుది. మూడుసార్లు పెట్టినా మూడిట్లోనూ అదే ఉంటుంది, సగటు తీస్తే తగ్గదు. తగ్గేది 0.30 ఒక్కటే. మొత్తం చెదురు 0.38కి దిగుతుంది, లిమిట్ 16.0 నుంచి 16.1 అవుతుంది. మూడింతల పనికి దక్కేది 0.1.

మిగిలిన 0.34ను తగ్గించాలంటే దాని కారణాల దగ్గరకు వెళ్లాలి. ఎండలోంచి ఎత్తిన ధాన్యాన్ని వెంటనే మీటరులో వేయకండి. గింజ పైపొర ఆరి లోపల తేమ ఉంటుంది, పైపొరనే ఎక్కువగా చదివే మీటరు తక్కువ చూపిస్తుంది. మీ 0.3 లోటులో కొంత ఇదే కావచ్చు. నీడలో మూత డబ్బాలో కొన్ని గంటలు ఉంచితే తేమ గింజంతా సర్దుకుంటుంది, గింజ చల్లబడుతుంది. సన్న రకాలకూ లావు రకాలకూ వేర్వేరుగా పోల్చి వేర్వేరు సవరణలు పెట్టుకోండి. ఓవెన్ కూడా సరైనదేనా చూడండి. పొడి చేసిన నమూనాను 130 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి. పొడి చేసేటప్పుడే తేమ ఎగిరిపోకుండా 17 దగ్గరున్న నమూనాలను ముందు కాస్త ఆరనిచ్చి, ఆ తగ్గిన బరువును లెక్కలో కలుపుకోవాలి. లేకపోతే ఓవెనే తక్కువ చెబుతుంది, మీటరు లోటు 0.3 కన్నా ఎక్కువని మీకు ఎప్పటికీ తెలియదు.